కరెంటు తిరిగి వచ్చినప్పుడు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. కడపలో ఏడు రోడ్ల దగ్గర గది తీసుకున్నావని, ఎనిమిది పాత కంప్యూటర్లు కొని దరఖాస్తుల పనికీ డీటీపీకీ సెంటరు పెడుతున్నావని చెప్పింది. మన ఇంట్లో ఒక ఆడపిల్ల తన పేరున షాపు తెరవడం ఇదే మొదలు. సంతోషంతో చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. కానీ తను చివర్లో అన్న మాట ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు. కరెంటు పోయి వస్తే మిషన్లు వాటంతట అవే ఆన్ అయ్యేటట్టు బయోస్‌లో, అదే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల పేజీల్లో, పెడతావట, పొద్దున నువ్వు వెళ్లేసరికి అన్నీ సిద్ధంగా ఉంటాయట. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

బయోస్‌లోకి వెళ్లడం నీకు తెలిసిందే. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉండాలి, మార్చాక ఎఫ్10తో సేవ్ చేయాలి. ఏదీ మార్చకముందే ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకో.

వాటికన్నా ముందు సెల్లు చూడు. మిషను లోపలి పెద్ద బోర్డు, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉంటుంది, సీఆర్2032, మూడు వోల్టులది. పాత మిషన్లలో అది నీరసించి ఉంటుంది. రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసి ఇంటికి పోగానే గడియారం ఎప్పటి తేదీకో పోతుంది, నువ్వు పెట్టిన సెట్టింగులు కూడా పోవచ్చు. తేదీ తప్పయితే దరఖాస్తుల వెబ్‌సైట్లు భద్రత హెచ్చరిక చూపించి తెరుచుకోకుండా మొరాయిస్తాయి. ఆఖరి రోజున ఏ పల్లె నుంచో బస్సు దిగి వచ్చిన పిల్లకు నువ్వు ఏం చెబుతావు?

ఇక అసలు సంగతి. కరెంటు రాగానే మిషను దానంతట అదే లేచే ఆ సెట్టింగును ఒక్కో బోర్డు ఒక్కో పేరుతో చూపిస్తుంది. రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అని ఒకచోట, ఏసీ బ్యాక్ అని మరోచోట, ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్ అని ఇంకోచోట ఉంటుంది. లోపల సాధారణంగా మూడు దారులు: పవర్ ఆఫ్ అంటే కరెంటు వచ్చినా లేవదు, పవర్ ఆన్ అంటే రాగానే లేస్తుంది, లాస్ట్ స్టేట్ అంటే కరెంటు పోయేముందు ఎలా ఉంటే అలా. 2004లో నా షాపులో ఆరు మిషన్లకూ పవర్ ఆన్ పెట్టింది నేనే. రోజుకు మూడు నాలుగు సార్లు కరెంటు పోయేది. ప్రతిసారీ లేచి ఆరు బటన్లు నొక్కడం ఎందుకని పెట్టాను.

ఆ రోజుల్లో ఒక తెలుగు మాస్టారు మా షాపుకు వచ్చేవారు. రిటైరయ్యాక వేరుశనగ చేలలో, కళ్లాలలో ఆడవాళ్లు పాడుకునే పాటలను ఊరూరా తిరిగి రాసుకున్నారు. తొమ్మిది నోటుపుస్తకాలు. వాటిని నేను టైపు చేశాను. కళ్లకు శుక్లాలు వచ్చి ఉన్నా సాయంత్రంపూట వచ్చి నా పక్కన కూర్చుని, నేను చదువుతుంటే వింటూ తప్పులు దిద్దించేవారు. "అది 'కొడుకో' కాదయ్యా, 'కొడకో'. ఆమె అలాగే పాడింది," అనేవారు. మూడు విడతల దిద్దుబాట్లు, నాలుగు నెలల పని, ఒకే ఒక్క మిషనులో ఉండేది. కరెంటు పోయినా కాసేపు మిషనును నడిపే యూపీఎస్ ఉండేది గానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఇంకోచోట కాపీ పెట్టలేదు.

మే నెలలో ఒక రాత్రి గాలీవానా వచ్చింది. షాపుకు తాళం వేసి ఉంది, నేను ఇంట్లో ఉన్నాను. మెయిన్ స్విచ్ కట్టలేదు. వీధి దీపాలు వెలగడం, ఆరడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆరేడు సార్లు అయి ఉంటుంది. వెలిగిన ప్రతిసారీ అక్కడ ఆరు మిషన్లు లేచాయి. సక్రమంగా ఆపని మిషను లేవగానే డిస్కును తనిఖీ చేసి సరిచేయడం మొదలుపెడుతుంది. ఆ సరిచేసే పని మధ్యలో మళ్లీ కరెంటు పోయింది, మళ్లీ వచ్చింది. పొద్దున తలుపు తీస్తే మాస్టారి మిషనులోంచి టక్ టక్ మని చప్పుడు వస్తోంది. ఆ డిస్కు మళ్లీ తెరుచుకోలేదు.

సాయంత్రం ఆయన వచ్చారు. చెప్పాను. కాసేపు కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుని, "రేపు మొదటి పుస్తకం తెస్తాను," అన్నారు. అంతే. మళ్లీ నాలుగు నెలలు. డబ్బు తీసుకోలేదు. కానీ ఆ కళ్లకు మళ్లీ అంత పని పెట్టింది నేనే అన్నది ఈ రోజుకూ నన్ను వదలలేదు.

కనుక పవర్ ఆఫ్ పెట్టు. లాస్ట్ స్టేట్ మధ్యేమార్గం అనుకోకు. పని చేస్తుండగా కరెంటు పోతే అది కూడా మిషనును లేపుతుంది. కరెంటు వచ్చి పది నిమిషాలు నిలిచాక నీ చేత్తో ఒక్కొక్కటీ ఆన్ చెయ్యి. ఎనిమిది బటన్లకు నిమిషం పట్టదు.

మిగిలినవి చిన్నవి. మిషనును నిద్రపుచ్చే రకాల్లో ఎస్3 పెట్టు. ఎస్1లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఎస్3లో పని అంతా ర్యామ్‌లోనే, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకంలోనే ఉంటుంది, కరెంటు పోతే అదీ పోతుంది, కాబట్టి భోజనానికి లేచే ముందు సేవ్ చెయ్యి. పని లేనప్పుడు ప్రాసెసర్‌ను విశ్రాంతికి పంపే సీ-స్టేట్లు ఆటోలోనే ఉండనివ్వు, ఖాళీగా ఉన్న ప్రాసెసర్ చల్లబడుతుంది. ఫ్యాన్‌ను సైలెంట్‌లో పెట్టకు తల్లీ, కడపలో మే నెల ఎండ నీకు తెలియనిది కాదు. చప్పుడైతే కానివ్వు.

బయోస్ అప్‌డేట్ కూడా చేస్తానన్నావట. మిషను బాగా నడుస్తుంటే దాని జోలికి ఎందుకు? మధ్యలో కరెంటు పోతే బోర్డే లేవకపోవచ్చు. మంచి యూపీఎస్ లేకుండా ముట్టుకున్నావని తెలిస్తే నిజంగా కోప్పడతాను.

వేసవి సెలవుల్లో నా షాపుకు వచ్చి, స్టూలు మీద నిలబడి నమ్‌లాక్ దీపం వెలిగించి ఆర్పుతూ ఉండేదానివి. వద్దంటే ఏడ్చేదానివి. ఇప్పుడు ఎనిమిది మిషన్లు నీవి.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. సెల్లులు ఎనిమిది నేనే తెస్తాను, నువ్వు కొనకు. యూపీఎస్ బ్యాటరీ ఏ నెలలో కొన్నదో అమ్మినవాళ్లను అడిగి ఉంచు.

మామయ్య