దుబాయ్ పాలసీ వదిలేసి ఇక్కడి పాలసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర ఉద్దానం పల్లె. నాకు 67, మా ఆవిడకు 63. పైపింగ్ ఫోర్‌మన్‌గా దుబాయ్ వెళ్లాను. ఉద్యోగం అయిపోయాక ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చిన్న వాటా ఉండటంతో ఇద్దరం అక్కడే ఉంటున్నాం. ఎనిమిదేళ్లుగా మాకు ఒక అంతర్జాతీయ ఆరోగ్య బీమా పాలసీ ఉంది. నాకు షుగర్, ఐదేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఈసారి రెన్యువల్‌కు ప్రీమియం మూడో వంతుకు పైగా పెంచారు. అంత పెంచవచ్చా? అక్కడి బ్రోకర్ వేరే కంపెనీకి మారిపొమ్మంటున్నాడు. ఏడాదిన్నరలో ఊరికి వచ్చేద్దామనుకుంటున్నాం. విశాఖలో ఒక ఏజెంటు ఇక్కడి పాలసీ ఇప్పిస్తానంటున్నాడు గానీ, కిడ్నీ క్యాంపులో మా ఆవిడకు ఇచ్చిన చీటీ గురించి ఫారంలో రాయొద్దంటున్నాడు. ఐదేళ్లు దాటితే ఎవరూ అడగరట. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన జిరాక్సులన్నీ చదివాను. ముందు ఈ పాలసీని గడువులోగా రెన్యువల్ చేయించండి. ప్రీమియం బరువే, కాదనను. కానీ షుగర్, స్టెంట్ ఉన్న 67 ఏళ్ల మనిషికి ఎనిమిదేళ్లుగా తెగకుండా నడుస్తున్న పాలసీ మళ్లీ దొరకడం కష్టం. కొత్త పాలసీ కాగితం చేతికొచ్చి, అందులో మీ గుండె గురించి, షుగర్ గురించి ఏం రాశారో మీరే చదివేదాకా పాతదాన్ని వదలొద్దు. పైగా దుబాయ్‌లో రెసిడెన్సీ వీసా రెన్యువల్‌కు ఆరోగ్య బీమా తప్పనిసరి. పాలసీ లేని రోజులు మధ్యలో వస్తే వైద్యం సంగతి అలా ఉంచి వీసాకే ఇబ్బంది.

ఇక, ప్రీమియం అంత పెంచవచ్చా అని అడిగారు. మన దగ్గరయితే 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. 2025 జనవరి నుంచి ఈ కట్టడి ఉంది. మీ పాలసీ విదేశీ కంపెనీది, ఈ ఆదేశం దానికి వర్తించదు. మీ ఒప్పందంలోనే ఏటా ప్రీమియం సవరించే హక్కు కంపెనీకి ఉందని రాసి ఉంది. అయినా అడగాల్సింది అడగండి. ఈ పెంపు మీ వయసు వర్గంలో అందరికీ పెంచినదా, లేక మీ స్టెంట్ క్లెయిమ్ చూసి మీ ఒక్కరికే పెంచినదా? ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. మీ ఒక్కరికే పెంచారని తేలి, ఒప్పందంలో అలా పెంచే హక్కు కంపెనీకి లేకపోతే, ముందు కంపెనీలోనే ఫిర్యాదు చేయండి. అక్కడ తెగకపోతే, మీ పాలసీ అక్కడి లైసెన్సు ఉన్న బీమా సంస్థది అయిన పక్షంలో, యూఏఈలో బీమా ఫిర్యాదులు చూసే సనదక్ అనే సంస్థకు వెళ్లవచ్చు.

డబ్బు తగ్గించుకునే దారులు పాలసీ లోపలే ఉన్నాయి. మీ షెడ్యూల్‌లో కవరేజీ ప్రాంతం అమెరికా మినహా ప్రపంచమంతా అని ఉంది. మీరు వైద్యం చేయించుకునేది దుబాయ్‌లో, లేదా విశాఖలో. యూరప్‌కు కూడా కలిపి ఎందుకు కట్టడం? ప్రాంతం తగ్గిస్తే ఎంత, దంతవైద్యం, ఓపీ తీసేస్తే ఎంత, ప్రతి క్లెయిమ్‌లో మొదటి కొంత మీరే భరిస్తానంటే ఎంత అని విడివిడిగా కొటేషన్లు అడగండి. ఒక జాగ్రత్త. తగ్గించడం తేలిక. మళ్లీ పెంచుకోవాలంటే కొత్తగా ఆరోగ్య వివరాలు అడుగుతారు. అందుకని ఆస్పత్రిలో చేరినప్పుడు వచ్చే మొత్తాన్ని మాత్రం తగ్గించకండి.

బ్రోకర్ చెప్పే కంపెనీకి మారడం పూర్తిగా తప్పని అనడం లేదు. ఎలా మారుస్తున్నాడన్నదే ముఖ్యం. పాత కంపెనీ పెట్టిన మినహాయింపులనే కొనసాగిస్తూ, కొత్తవి పెట్టకుండా తీసుకునే పద్ధతి అంతర్జాతీయ పాలసీల్లో ఉంది. అలా తీసుకుంటామని కొత్త కంపెనీ రాసిస్తే ఆలోచించవచ్చు. అలా కాకుండా పాత జబ్బులకు కొన్నేళ్లు ఆగాలన్న షరతుతో కొత్తగా మొదలుపెడితే, ఇప్పుడు మిగిలే డబ్బు ఒక్క యాంజియోగ్రామ్‌కు కూడా చాలకపోవచ్చు. బ్రోకర్ ఫోన్‌లో చెప్పే 'అన్నీ కవర్ అవుతాయి సార్' అనే మాట లెక్కలోకి రాదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. కొత్త పాలసీ దుబాయ్‌లో వీసాకు చెల్లుతుందో లేదో కూడా అందులోనే రాయించుకోండి.

మీరు అడగకపోయినా నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఊరికి వచ్చేశాక పరిస్థితి గురించి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మన జిల్లావాళ్లు చాలామంది, అక్కడ ఎనిమిదేళ్లు ప్రీమియం కట్టాం గనక ఇక్కడి కంపెనీ ఆ ఏళ్లను లెక్కలోకి తీసుకుంటుందనుకుంటారు. తీసుకోదు. పోర్టబిలిటీ అంటే ఐఆర్‌డీఏఐ కింద నమోదైన ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారడమే. విదేశీ పాలసీలో గడిచిన కాలం ఇక్కడ సున్నా. ఇక్కడ పాలసీ తీసుకున్న రోజు నుంచే మీ పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్, అంటే వాటికి క్లెయిమ్ రాని కాలం, మొదలవుతుంది. 2024 నిబంధనల ప్రకారం అది గరిష్ఠంగా 36 నెలలు. అంతకు ముందు 48 ఉండేది.

కాబట్టి ఊరికి వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడే ఇక్కడి పాలసీ తీసుకోండి. ఎన్నారైలకు కూడా మన కంపెనీలు పాలసీలు ఇస్తాయి. ఫారంలో దుబాయ్‌లో ఉంటున్నానని ఉన్నదున్నట్టు రాయాలి, వైద్య పరీక్షలకు సిద్ధపడాలి, అంతే. 65 దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వరన్నది పాత మాట. 2024 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవారికీ పాలసీలు ఉండాలని నిబంధన మారింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు. ఇప్పుడు తీసుకుంటే, మీరు ఏడాదిన్నరకు మూటాముల్లె సర్దుకుని వచ్చేసరికి 36 నెలల్లో సగం అయిపోయి ఉంటుంది. మిగతా సగం, ఆ కంపెనీ ఒప్పుకుంటే, విదేశీ పాలసీని తక్కువ కవరేజీతో నడుపుకుంటే, మీ గుండెకు ఒక్క రోజు కూడా రక్షణ లేకుండా ఉండదు. రెండు ప్రీమియాలు ఒకేసారి కట్టాలి కదా అంటారు. కట్టాలి. డబ్బు బాగా ఇబ్బందయితే ఓపీ, దంతాలు వదులుకోండి, ఈ కొనసాగింపును మాత్రం వదులుకోకండి.

ఇక ఆ క్యాంపు చీటీ. మీరు పంపిన ఫోటోలో స్పష్టంగా కనిపిస్తోంది: మీ ఆవిడ పేరు, కిందటేడాది తేదీ, సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) 1.7, కింద పెన్నుతో 'నెఫ్రాలజిస్టును కలవాలి' (అంటే కిడ్నీ డాక్టరును), పక్కన సంతకం. ఆవిడకు ఒంట్లో ఏ బాధా లేదని, మందులేవీ వాడటం లేదని రాశారు. అయినా చట్టం దృష్టిలో ఆ ఒక్క పెన్ను రాత చాలు. ముందునుంచీ ఉన్న జబ్బు అంటే, పాలసీకి ముందు 36 నెలల లోపు డాక్టర్ నిర్ధారించినదే కాదు, వైద్య సలహా ఇచ్చినదీ అందులోకే వస్తుంది. నెఫ్రాలజిస్టును కలవమనడం వైద్య సలహాయే. అది క్యాంపు టెంటు కింద ఇచ్చినా, విశాఖ కార్పొరేట్ ఆస్పత్రిలో ఇచ్చినా తేడా లేదు.

ఏజెంటు చెప్పిన ఐదేళ్ల మాట సగమే నిజం. తెగకుండా 60 నెలలు ప్రీమియం కట్టాక, ఫలానాది దాచారని చెప్పి కంపెనీ క్లెయిమ్ ఆపకూడదు. ఆ మాట వాస్తవమే. అయితే మోసం రుజువైతే ఆ రక్షణ వర్తించదని అదే నిబంధనలో ఉంది. చేతిలో చీటీ ఉండి, కిడ్నీ సమస్య ఉందా అన్న గడిలో లేదని టిక్ పెట్టించి సంతకం చేస్తే, దాన్ని మోసమని వాదించడానికి కంపెనీ లాయరుకు పెద్దగా కష్టపడాల్సిన పని ఉండదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి దేశమంతా తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి అడ్రసుతో కిడ్నీ క్లెయిమ్ వెళితే కంపెనీ మనిషి వచ్చి పాత రిపోర్టులు వెతకడని ఎలా అనుకుంటాం? ఏజెంటు నింపాడు, నాకు తెలియదు అంటే నిలవడం కష్టం. సంతకం మీది.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు చెబుతాను. మీ ఇద్దరి పరిస్థితికీ దగ్గరగా ఉన్నవి. 2009లో తేలిన కేసులో ఒకాయన షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నా ఆరోగ్యంగా ఉన్నానని రాసి మెడిక్లెయిమ్ పాలసీ తీసుకున్నారు. నెలల్లోనే కిడ్నీలు పాడై చనిపోయారు. భార్య కోర్టుల చుట్టూ తిరిగి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. దాచింది పాలసీకి కీలకమైన విషయమని, కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడం సరైనదేనని కోర్టు చెప్పింది. 2021 డిసెంబర్‌లో తేలిన కేసు దీనికి పూర్తిగా ఎదురు. అమెరికా వెళ్లేముందు పాలసీ తీసుకుంటూ ఒకాయన షుగర్ ఉందని రాశారు, పరీక్షలు చేయించుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెపోటు వచ్చింది, స్టెంట్లు వేశారు. కొలెస్ట్రాల్ మాత్రల సంగతి చెప్పలేదంటూ కంపెనీ డబ్బు ఆపింది. ఆరోగ్య స్థితి తెలిసి, చూసుకుని పాలసీ ఇచ్చాక అదే కారణంతో తిరస్కరించడం చెల్లదని కోర్టు ఆయన పక్షాన నిలిచింది. రాసినవాడికి కోర్టులో నిలబడే చోటు దొరికింది. దాచినాయన భార్యకు దొరకలేదు.

చీటీ సంగతి రాస్తే పాలసీ ఇవ్వరేమో అన్న మీ భయం నిజం కావచ్చు. ఒక కంపెనీ వద్దనవచ్చు, ఒకటి ప్రీమియం పెంచవచ్చు, ఒకటి కిడ్నీ జబ్బును పూర్తిగా మినహాయించి ఇస్తామనవచ్చు. అలాంటి మినహాయింపు కాగితం ఇస్తే ఆవిడకు తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించండి. కిడ్నీకి రాకపోయినా గుండెకు, కేన్సర్‌కు, ప్రమాదానికి వచ్చే పాలసీ విలువైనదే. మీ ఇద్దరికీ కలిపి ఫ్లోటర్ కాకుండా విడివిడి పాలసీలు తీసుకుంటే ఒకరి విషయంలో వివాదం వచ్చినా రెండోవారి పాలసీ దాని పాటికి అది ఉంటుంది. నా సలహా అదే. పాలసీ వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు.

ఊరికి వచ్చాక విదేశీ పాలసీ ఉంచుకోవచ్చా అంటే, మన విదేశీ మారక ద్రవ్య చట్టం అడ్డు చెప్పదు. భారతదేశంలో నివసించే వ్యక్తి విదేశీ కంపెనీ ఆరోగ్య పాలసీని కొనసాగించవచ్చు. ప్రీమియంతో సహా ఏడాదికి పంపే మొత్తం 2,50,000 డాలర్ల పరిమితి దాటకూడదు. మీకు ఆ బెంగ అక్కర్లేదు. ఇక్కడి నుంచి ప్రీమియం కట్టాక క్లెయిమ్ డబ్బు విదేశంలో మీ చేతికొస్తే, ఏడు రోజుల్లో బ్యాంకు ద్వారా ఇక్కడికి తెచ్చుకోవాలి. అసలు చిక్కు కంపెనీ వైపు నుంచి వస్తుంది. మీ పాలసీలో నివాస దేశం మారితే తెలియజేయాలన్న క్లాజు ఉంది. సోంపేటలో ఉంటూ దుబాయ్ అడ్రసుతోనే రెన్యువల్ చేసుకుంటూ పోతే, పెద్ద క్లెయిమ్ వచ్చిన రోజున అదే సాకు అవుతుంది. భారతదేశంలో స్థిరపడ్డాక కూడా కొనసాగిస్తారా అని ఇప్పుడే ఈమెయిల్ పెట్టి అడగండి. కొనసాగించబోమని చెబితే ఇక్కడి పాలసీ ఇంకా తొందరగా కావాలన్నమాట. విదేశీ ప్రీమియంకు ఇక్కడ ఆరోగ్య బీమాకు ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు రాదని కూడా గుర్తుంచుకోండి.

మీకు 70 నిండగానే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యానికి. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. మన దగ్గర గల్ఫ్ వెళ్లినవాళ్లలో పాస్‌పోర్టులో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉండటం మామూలైపోయింది. బీమా కంపెనీలు కూడా ఆ తేడా పట్టుకుంటాయి.

ఇక్కడి కంపెనీ రేపు అన్యాయంగా క్లెయిమ్ ఆపితే ముందు కంపెనీకి రాయండి. నెల దాటినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఏడాది లోపు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 50 లక్షల వరకు అక్కడ తేలుతుంది. లేదంటే రెండేళ్ల లోపు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా మీరు ఉండే చోటే కేసు వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపయితే కోర్టు ఫీజు కూడా లేదు. విదేశీ పాలసీ మీద ఈ దారులు ఆశించకండి. ఆ కంపెనీలు అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు. ఇక్కడ ఆర్డర్ తెచ్చుకున్నా, ఇండియాలో ఆఫీసు లేని కంపెనీ నుంచి వసూలు చేయడం చాలా కష్టం.

ఇక ఈ నెలలో చేయాల్సింది: ప్రీమియం గడువులోగా కట్టి రసీదు దగ్గర పెట్టుకోండి. ఎనిమిదేళ్ల పాలసీ షెడ్యూళ్లు, స్టెంట్ డిశ్చార్జి సమ్మరీ ఒక ఫైలులో వేయండి. సెలవుకు వచ్చినప్పుడు, ఏజెంటు దగ్గరకు వెళ్లేముందే, మీ ఆవిడను పలాస కిడ్నీ ఆస్పత్రికి తీసుకెళ్లి క్రియాటినిన్ మళ్లీ చేయించి డాక్టరుకు చూపించండి. కొత్త రిపోర్టు ఎలా వచ్చినా, పాత చీటీతో పాటు రెండింటి జిరాక్సులూ ఫారంకు జతచేసి, జతచేసినట్టు ఏజెంటు చేత తేదీ వేయించి సంతకం తీసుకోండి.