నీ మూడో పేజీలో ఉంది థీసిస్

తమ్ముడూ,

నీ థీసిస్ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) చదివాను. 'ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల సమస్యలు: ఒక పరిశీలన' అని పేరు పెట్టావు. ఇంత పెద్ద విషయంతో మొదలుపెడితే థీసిస్ చివరి వైవాకి నీ కొడుకు వెళ్లాల్సి వస్తుంది.

మూడో పేజీ చివర ఒక మాట రాసి వదిలేశావు చూడు, 'యజమానులు సంతకం పెట్టడం లేదు' అని. నీ థీసిస్ అదే. 2011 కౌలు రైతుల చట్టం కింద, బ్యాంకు అప్పు కోసం ఇచ్చిన రుణ అర్హత కార్డుకి భూయజమాని సంతకం అక్కర్లేకుండా ఉండేది. 2019 చట్టం వచ్చాక 11 నెలల ఒప్పందం మీద ఆయన సంతకం పడితేనే కౌలు రైతుకి, ఆ పాత కార్డు స్థానంలో వచ్చిన సాగుదారు హక్కు పత్రం. మరి ఎవరు పెడుతున్నారు, ఎవరు పెట్టట్లేదు? ఊళ్లో ఉన్నవాడా, హైదరాబాద్‌లో స్థిరపడ్డవాడా, బంధువా? రెండు ఊళ్లు చాలు నీకు. కాలువ కింద ఒకటి, మెట్టలో ఒకటి.

ఊళ్లోకి వెళ్లాక నేను చేసిన తప్పు చేయకు. ఎం.ఏ.లో నేను 42 ప్రశ్నల షెడ్యూలు పట్టుకుని తిరిగాను. టీ కొట్టు దగ్గర ఒకాయన్ని అడిగితే "ఏం ఇబ్బంది లేదు బాబూ" అన్నాడు. పక్క బల్ల మీద పేపరు చదువుతున్నది ఆ పొలం ఆసామేనని నాకేం తెలుసు! నెల తర్వాత గట్టు మీద కూర్చున్నప్పుడు అదే మనిషి చొక్కా జేబులోంచి పురుగుమందుల కొట్టు అప్పు చీటీలు తీసి ఒక్కోటి చదివించుకున్నాడు. అప్పటికే నా టేబుల్లో ఆయన 'ఇబ్బంది లేదు' గడిలో ఉన్నాడు. గైడ్ గారు ఆ టేబుల్ బాగుందన్నారు కూడా.

ఫోన్లో రికార్డు అవుతోంది కదా అని ధీమా పడకు. గంట మాట ఎత్తి రాయడానికి నాకు ఐదారు గంటలు పట్టేది. పైగా ఆ చీటీలు రికార్డింగులో కనపడవు. బస్సెక్కే ముందే నోట్‌బుక్‌లో రాసేసుకో.

పేర్లు మారిస్తే చాలనుకోకు. 'చెరువు పక్క రెండెకరాల కౌలుదారు' అని రాస్తే ఊరంతటికీ తెలిసిపోతుంది. వచ్చే ఏడు ఆయనకి ఆ పొలం దక్కకపోవచ్చు. అలాంటి వివరం ఎంత బాగున్నా తీసెయ్.

లిటరేచర్ రివ్యూకి ఇప్పటి నుంచే టెన్షన్ ఎందుకు? నీ సంతకం ప్రశ్న దాకా ఎవరొచ్చారో, ఎక్కడ ఆగిపోయారో చెప్పు, చాలు. జాతీయ నమూనా సర్వే 77వ రౌండు (రైతు కుటుంబాల భూముల మీద కేంద్రం చేసిన సర్వే) అంకెలు చూడు గానీ, నోటి మాట మీద నడిచే కౌలు కాగితాల్లోకి ఎంత వస్తుందో కూడా ఆలోచించు. ముందుమాట చాప్టర్ ఆఖర్న రాయి.

ఇంకొకటి. ఖరీఫ్ ముందు కౌలు మాట్లాడుకునే రోజుల్లో నువ్వు ఊళ్లో ఉండాలి. నీ సెమిస్టర్ పరీక్షలు అప్పుడే పడతాయేమో, గైడ్‌తో ఇప్పుడే మాట్లాడుకో. కొత్త పేరు ఆదివారం లోపు పంపు. ఒక్క లైను దాటకూడదు.

ఇట్లు,
మీ అన్న