టెన్‌పిన్ బౌలింగ్‌లో స్ట్రైక్ పడాలంటే, అంటే ఒక్క బాల్‌కే పది పిన్నులూ పడిపోవాలంటే, బాల్‌ని బలంగా వేయాలా, తిప్పి వేయాలా?

బలం సంగతి పక్కన పెట్టండి, ముందు బాల్ దొర్లే లేన్ మీద నూనె ఎంతవరకు పూశారో కనుక్కోండి. టీమ్ ఔటింగ్‌కి వెళ్లేవాళ్లలో చాలామందికి అక్కడ నూనె ఉంటుందనే తెలియదు, మెరుస్తుంటే పాలిష్ అనుకుంటారు.

డాలస్ దగ్గర ఉన్నప్పుడు ఆఫీసువాళ్లతో కలిసి ఒక లీగ్‌లో ఆడేవాణ్ని. అవతలి టీమ్‌లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉండేవాడు, మోకాలికి పట్టీ, బాల్ ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. మా వైపు జిమ్‌కెళ్లే కుర్రాడొకడు, 16 పౌండ్ల బాల్‌ని నిటారుగా వదిలితే హాలంతా అదిరేది, కానీ మధ్యలో ఒకటి రెండు పిన్నులు మొండిగా నిలబడే ఉండేవి. పెద్దాయన బాల్ మాత్రం తాపీగా కుడి గట్టర్ (లేన్ పక్కనుండే గాడి) అంచుదాకా పోయి, ఇక పడిపోయిందిరా అనుకునేలోపు ఎడమకి తిరిగి అన్నిటికంటే ముందుండే ఒకటో పిన్నుకీ, దాని వెనక కుడివైపుండే మూడో పిన్నుకీ మధ్య సందులో దూరేది.

ఒకసారి బాల్ తిరిగొచ్చాక తువ్వాలుతో తుడవకముందే నన్ను పిలిచి చూపించాడు. దాని మీద నూనె గీతలు ఒకే చోట పడలేదు, కొంచెం కొంచెం ఎడంగా వరసగా ఉన్నాయి. లోపలి కోర్, అంటే నడిమి దిమ్మ, అన్నివైపులా సమంగా ఉండదు కాబట్టి బాల్ తిరిగే అక్షం జరుగుతూ పోతుంది, ప్రతి చుట్టుకీ నూనె అంటని కొత్త చోటు నేలకి తగులుతుంది. పట్టు దొరికేది అందుకే.

లేన్ పొడవు 60 అడుగులు, మామూలుగా అందులో మొదటి 40 దాకా నూనె, ఆ తర్వాత పొడి. నూనె మీద ఎంత తిప్పి వేసినా బాల్ జారుతూనే పోతుంది, పౌడర్ ఎక్కువైన క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌లాగా. పొడి తగలగానే ఘర్షణ పెరిగి పక్కకి లాగుతుంది, జారుడు ఆగి దొర్లుడు మొదలవుతుంది. అసలు తిప్పకుండా నెట్టిన బాల్ అయితే దొర్లే సమయానికి దాని వేగం ఏడింట సుమారు ఐదు వంతులే మిగులుతుంది, అంటే మీరు చూపించిన బలంలో కొంత నేలకే సమర్పణ.

ఇక అసలు కిటుకు కోణంలో ఉంది. పిన్నుల్లోకి 6 డిగ్రీల దగ్గర్లో దూరితే స్ట్రైక్ అవకాశం బాగా పెరుగుతుంది. లేన్ వెడల్పు మూడున్నర అడుగులే కాబట్టి గట్టర్ అంచు నుంచి వేసినా నిటారు బాల్‌కి 2 డిగ్రీలు కూడా రావు. సరిగ్గా పడ్డ స్ట్రైక్‌లో బాల్ తాకేది నాలుగు పిన్నుల్నే, 1, 3, 5, 9. మిగతావాటిని పిన్నులే పడగొట్టుకుంటాయి. నిటారు బాల్ ఒకటో పిన్నుకి తగిలి కుడికి తప్పుకుంటుంది, నడిమధ్యలో ఉండే ఐదోది బతికిపోతుంది. మా కుర్రాడికి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఇంకా బరువైన బాల్ ఉందా అని అడిగేవాడు. 16 కంటే బరువు రూల్సే ఒప్పుకోవు నాయనా!

అద్దె బాల్స్‌తో ఇవేవీ కుదరవు, అది వేరే బాధ. ప్లాస్టిక్ బాల్, బొటనవేలి రంధ్రంలో ఇద్దరి వేళ్లు పడతాయి. పైగా కూల్‌డ్రింక్ ఒలకబోసి అదే షూతో లేన్ ముందుకి వచ్చేవాళ్లు ఒకరు, జారాల్సిన పాదం అతుక్కుపోతే ముందుకి బోర్లా పడేది మనమే.

ఆడేకొద్దీ నూనె కూడా చెదిరిపోతుంది. మూడో గేమ్‌కి పెద్దాయన బాల్ ముందుగానే తిరిగి ఒకటో పిన్నుకి ఎడమవైపు తగలడం మొదలైంది. ఆయన వేగం పెంచలేదు, చేయి మార్చలేదు, నేల మీది చెక్క పలకల లెక్కన రెండు పలకలు ఎడమకి జరిగి నిలబడ్డాడంతే, మళ్లీ సందులోకే.

అయితే వెనక వరసలో కుడి చివర ఒంటరిగా మిగిలే పదో పిన్నుకి మాత్రం నిటారుగానే వేయండి. దానికోసం ఆయన కూడా సంచిలోంచి ఒక పాత ప్లాస్టిక్ బాల్ తీసేవాడు.