వాడి పేరు మీద శిబిరం పెట్టేముందు

చిరంజీవికి,

నీ స్నేహితుడు పోయి ఏడాది నిండే రోజున వాడి పేరు మీద రక్తదాన శిబిరం పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. గుండె నిండిపోయింది. ఆ వెంటనే, బ్యానరు మీద ‘ఒకే రోజు 200 యూనిట్లు’ అని వేయిస్తున్నావని కూడా చెప్పింది. ఇక ఉండబట్టలేక ఈ ఉత్తరం.

బ్లడ్ బ్యాంకుతో ముందే తేదీ ఖాయం చేసుకోవడం, గాలి ఆడే హాలు, తాగునీళ్లు, కరెంటు లాంటివి నీకు చెప్పక్కర్లేదు. మేడ మీద హాలు మాత్రం వద్దు. రక్తం ఇచ్చినవాడు మెట్లు దిగకూడదు.

ఆ 200 సంగతికి వద్దాం. యూనిట్ అంటే ఒక మనిషి ఇచ్చే ఒక సంచి రక్తం. అందరూ చేసే పాత తప్పే ఇది, కొత్తగా నువ్వు కనిపెట్టింది కాదు. సూది గుచ్చాక సంచి నిండడానికి 8 నుంచి 10 నిమిషాలు. పడుకోబెట్టడం, నరం వెతకడం, దించడం కలుపుకుంటే మనిషికి 20 నిమిషాలు. అంటే మంచానికి గంటకు ముగ్గురు. నాలుగు మంచాలు నాలుగు గంటలు ఆగకుండా నడిచినా 48 మంది. మిగిలిన నూట యాభై మందీ ఏం చేస్తారు? నిలబడి విసుక్కుంటారు. అప్పుడు తొందర మొదలవుతుంది. ఆరోగ్య ప్రశ్నల కాగితం చదవకుండానే సంతకాలు పడతాయి. రక్తం ఇచ్చాక కూర్చోవలసిన పావుగంట ఐదు నిమిషాలవుతుంది.

సరే, పది మంచాలు తెచ్చి 200 చేశావే అనుకో. రక్తం నుంచి విడదీసిన ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, 5 రోజులకు మించి నిలవవు. ఎర్రకణాలు మామూలు సంచిలో 35 రోజులు, ప్రత్యేక ద్రావణం కలిపితే 42. ఒకేసారి వచ్చిపడితే వాడేలోపు గడువు దాటి కొన్ని పారబోయాల్సి వస్తుంది. పైగా ఆ 200 మందీ మూడు నెలలపాటు, ఆడవాళ్లయితే నాలుగు నెలలపాటు మళ్లీ ఇవ్వలేరు. ఆరో వారంలో ఎవరికో అవసరం పడి నీకు ఫోన్ వస్తుంది. నీకు తెలిసిన ప్రతి చెయ్యీ అప్పటికే ఇచ్చేసి ఉంటుంది. వాడి పేరు మీద పెట్టిన శిబిరం వల్ల వాడు కూడబెట్టిన దాతల ఫోన్‌బుక్కే ఖాళీ అయిపోతుందిరా అబ్బాయ్!

కాబట్టి ఉన్నవాళ్లను నాలుగు జట్లు చెయ్యి. వాడి రోజున ఒక జట్టు, ఆపైన నెలకొకటి. నాలుగో జట్టు అయిన మరుసటి నెలకు మొదటి జట్టులో ఆడవాళ్లకు కూడా గడువు తీరిపోతుంది. ఓ నెగటివ్ లాంటి అరుదైన గ్రూపులవాళ్లను అసలు శిబిరానికే పిలవకు. వాళ్ల నంబర్లు రాసి పెట్టుకో, అవసరం పడ్డ రోజున పిలువు.

వాడు చేసింది ఇదే. శిబిరానికి వచ్చినవాణ్ణి కూడా “నువ్వు ఇచ్చి రెండు నెలలే అయిందిరా, లే” అని పంపేసేవాడు. జనం నవ్వుకునేవారు, రక్తం ఇస్తానంటే వద్దనేవాడు వీడొక్కడే అని.

బలవంతం మాత్రం ఎవర్నీ చెయ్యకు. ‘వాడి కోసమైనా ఇవ్వరా’ అన్నావంటే, చెప్పాల్సిన జబ్బు దాచిపెట్టి పడుకునేవాళ్లు ఉంటారు. ఇన్ఫెక్షన్ కొత్తగా సోకితే కొన్నాళ్లపాటు పరీక్షకు కూడా దొరకదు.

హిమోగ్లోబిన్ 100 మిల్లీలీటర్ల రక్తానికి 12.5 గ్రాములు లేకపోతే తిప్పి పంపుతారు. కొన్నిచోట్ల వేలి నుంచి ఒక్క చుక్క నీలిరంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వదులుతారు. 15 సెకన్లలోపు మునిగితే సరే, తేలితే కాదు. తేలినవాళ్ల ముఖం చూడాలి నువ్వు, పరీక్ష తప్పిన పిల్లల్లా అయిపోతారు. వాళ్లకు కారణం నలుగురికీ వినబడేలా చెప్పకు. వాడు అలాంటివాళ్ల చేతికి రిజిస్టరు ఇచ్చి కూర్చోబెట్టేవాడు. ఆ రోజంతా వాళ్లే పేర్లు రాసేవాళ్లు.

నా భయమల్లా స్పృహ తప్పడం గురించే. ఖాళీ కడుపుతో, నిద్ర లేకుండా వచ్చినవాళ్లను తీసుకోనివ్వకు. ఇచ్చేముందు ప్రతి ఒక్కరూ అర లీటరు నీళ్లు తాగాలి. సూది తీశాక మోచెయ్యి మడవకుండా, చాచి, దూది మీద గట్టిగా నొక్కి పట్టుకోవాలి. మడిస్తే నల్లగా కములుతుంది. లేచాక పావుగంట కూర్చోవాలి. ముఖం పాలిపోవడం, పై పెదవి మీద చెమట, ఆవలింతలు, గలగలా మాట్లాడేవాడు ఉన్నట్టుండి మూగబోవడం, ఇవీ గుర్తులు. వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టి నర్సును పిలువు. చుట్టూ మూగనివ్వకు. ఈ పనికి ఒక మనిషిని తలుపు పక్క కుర్చీలో పెట్టు. ఫోను చూడకూడదు, ఫొటోలు తియ్యకూడదు, వచ్చేపోయే ముఖాలు చూడటమే ఆ మనిషి పని. ఆ కుర్చీ ఎప్పుడూ ఎవరిదో నీకు తెలుసు.

అన్నట్టు, ఎవరు ఎప్పుడు రక్తం ఇచ్చారో వాడు రాసుకున్న పుస్తకం వాళ్లమ్మగారి దగ్గరే ఉంది. వెళ్లి అడిగి తీసుకో, బ్యానరు మీద వాడి ఫొటో వెయ్యడానికి ఆవిడ ఒప్పుకుంటారో లేదో కూడా అప్పుడే అడుగు. పేర్లన్నీ పెన్నుతో, తేదీలు మాత్రం పెన్సిల్‌తో ఉంటాయి. ప్రతిసారీ చెరిపి కొత్తది రాసేవాడు. కొన్నిచోట్ల కాగితం పల్చబడి చిరిగింది. అందులో నీ పేరు ఎదురుగా ఉన్న తేదీ చెరిపి, నువ్వు ఈమధ్య ఇచ్చిన తేదీ రాసి లెక్కపెట్టుకో. గడువు తీరకపోతే ఆ రోజు నువ్వు పడుకోవద్దు. ఆ కుర్చీలో కూర్చో.

మీ పెదనాన్న