ముందు షెడ్డు, తర్వాతే ఇంజన్

బుజ్జీ,

మూతపడ్డ ఫ్యాక్టరీ ఆవరణలో ఉన్న వైజీ ఇంజన్ని, అదే మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్ని, నువ్వూ నీ స్నేహితులూ తెచ్చుకుని బాగుచేస్తారట కదా. మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మీ తాతయ్య ఉండి ఉంటే ఈపాటికి రైల్వే కాలనీ అంతా చెప్పి వచ్చేవాడు. నాకూ గర్వంగానే ఉంది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఇంజన్ ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి. విప్పే ప్రతి ముక్కకీ ఫోటో తీసి, చీటీ కట్టి పెట్టండి. రాడ్ల మీద చెక్కిన నంబర్లన్నీ రాసుకోండి. వర్క్‌షాపులో ఒక ఇంజన్ సామాను ఇంకోదానికి వేసేవాళ్ళం కాబట్టి అన్నిటి మీదా ఒకే నంబరు ఉండకపోతే కంగారు పడకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

అసలు సంగతి చోటు. మీరు ఇంజన్ చూసుకున్నారు, దాన్ని ఎక్కడ పెడతారో చూసుకోలేదని మీ నాన్న మాటల్ని బట్టి అర్థమైంది. బొగ్గూ నీళ్ళూ మోసే వెనక బండి, అదే టెండర్‌తో కలిపి అది దాదాపు వంద టన్నులు ఉంటుంది. 1992లో దేశమంతా ఒకే వెడల్పు పట్టాలు వేసే యూనిగేజ్ పథకం మొదలుపెట్టాక గుంతకల్లు, గుంటూరు వైపు మీటర్ గేజ్ అంతా బ్రాడ్ గేజ్ అయిపోయింది. దాన్ని పట్టాల మీద లాక్కుపోయే దారి మన దగ్గర లేదు. క్రేనుతో ఎత్తి లారీ మీద తేవాలి. ఆ ఖర్చు ఒక్కసారి తట్టుకోగలరు, రెండోసారి తట్టుకోలేరు. దించిన చోటే అది ఉండిపోతుంది.

ఒక ఊళ్ళో ఏం జరిగిందో చెబుతాను. ఆవిరి పోయిన కొత్తలో అక్కడివాళ్ళు ముచ్చటపడి ఒక ఇంజన్ని తెచ్చి పార్కులో నిలబెట్టారు. దండలు వేశారు, కొబ్బరికాయలు కొట్టారు, పిల్లల్ని ఎక్కించి ఫోటోలు తీశారు. రెండు పట్టాలు వేసి ఇంజన్ పెట్టారంతే. పైకప్పు లేదు, నీళ్ళు పోయే దారి లేదు, చిమ్నీకి మూత లేదు. చిమ్నీ కింద పొగ చేరే స్మోక్‌బాక్స్‌లో బూడిద తీయలేదు. వాన నీళ్ళు చిమ్నీలోంచి దిగి ఆ బూడిదలో నానితే యాసిడ్ లాగా ఇనుముని తింటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాదే గేజీలు, రాగి పైపులు, ఇత్తడి సామాను ఎవరో ఊడదీసుకుపోయారు. ఏటా ఆగస్టు పదిహేనుకి ముందు తుప్పు మీదే నల్ల రంగు వేసేవాళ్ళు, పైకి నిగనిగలాడేది. చాలాకాలం తర్వాత కొందరు కుర్రాళ్ళు మీలాగే ముందుకొచ్చి నన్ను చూడమన్నారు. స్మోక్‌బాక్స్ అడుగున స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. బాయిలర్ మీద తొడిగిన రేకు కింద చెమ్మ పట్టి ప్లేటు పొరలుపొరలుగా లేస్తోంది. వేరే చోటికి తరలిద్దామంటే చుట్టూ ప్రహరీ కట్టేశారు, చెట్లు పెరిగాయి, క్రేను వచ్చే సందు లేదు. చివరికి గ్యాస్ కట్టర్లతో ముక్కలు చేసి తుక్కు కింద అమ్మారు. ఆ ఇంజన్ని చంపింది నిర్లక్ష్యం కాదు బుజ్జీ. వాళ్ళందరికీ అదంటే ఇష్టమే. ముందు ఒక కప్పు వేసి ఉంటే ఇవాళ్టికీ ఉండేది.

ఆ రోజు ఇంకోటి చూశాను. బాయిలర్ రేకు పీకగానే లోపలి తెల్లటి దూది లాంటిది గాల్లోకి లేచింది. కూలీలు ముక్కుకి తువ్వాలు కూడా కట్టుకోలేదు. అది ఆస్బెస్టాస్. షెడ్డులో మేమూ దాన్ని ఒట్టి చేతులతోనే కలిపేవాళ్ళం. నా పక్కన పనిచేసినవాళ్ళలో ఊపిరాడక పోయినవాళ్ళున్నారు. మీలో ఒక్కరు కూడా ఆ రేకు మీద చెయ్యి వెయ్యకూడదు. దాన్ని జాగ్రత్తగా తీయడం తెలిసిన నిపుణుల్ని పిలవండి, డబ్బు లేకపోతే కూడేదాకా ఆగండి. నా మాట కాదని తీశావో, నేను నీతో మాట్లాడను.

మంట పెట్టే ఆలోచన ఇప్పుడే వద్దు. 210 పౌండ్ల ప్రెషర్ దగ్గర లోపలి నీళ్ళు 200 డిగ్రీల వేడితో ఉంటాయి. మంట మండే ఫైర్‌బాక్స్ పైన నీళ్ళు తగ్గితే అక్కడి సీసపు బిరడా, అదే లెడ్ ప్లగ్, కరిగి హెచ్చరిస్తుంది, కానీ దాన్ని నమ్ముకున్న డ్రైవర్ని మేము డ్రైవర్ కింద లెక్కేసేవాళ్ళం కాదు. కళ్ళు నీటి మట్టం చూపే గేజ్ గ్లాసు మీదే ఉండాలి. మీ తాతయ్య ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు అన్నం తింటూ కూడా దాన్నే చూసేవాడట. ప్లేటు మందం కొలిచి, హైడ్రాలిక్ టెస్టు చేసి, ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టేదాకా అది కదలని బొమ్మగానే ఉండనీ. ఈలోగా బాయిలర్లో, సిలిండర్లలో నీళ్ళు దించెయ్యండి. బాయిలర్ కడిగే రంధ్రాల బిరడాలు, అదే వాషౌట్ ప్లగ్గులు, తీసి గాలి ఆడనివ్వండి. బూడిద ఊడ్చి చిమ్నీ మూయండి.

ఇదంతా చదివి నిరుత్సాహపడకు. బ్రిటన్‌లో బారీ తుక్కు యార్డులో ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి పడున్న 297 ఇంజన్లలో 213ని మీలాంటివాళ్ళే చందాలు వేసుకుని విడిపించారు. వేల్స్‌లో టాలిలిన్ రైల్వేని 1951 నుంచి నడుపుతున్నది వాలంటీర్లే. మన దేశంలో హర్యానాలోని రేవారిలో 1893 నాటి ఇంజన్ షెడ్డు మిగిలింది కాబట్టే అక్కడ ఇంజన్లు ఇప్పటికీ బతికున్నాయి. నీ స్నేహితుల్ని తీసుకుని ఒకసారి అక్కడికి వెళ్ళిరా. ఇంజన్లని తర్వాత చూడొచ్చు, ముందు ఇంజన్ కింద దిగి పనిచేసే పిట్టు, కప్పు, నీళ్ళ ఏర్పాటు ఎలా ఉన్నాయో చూడు. మన దేశంలో ఆఖరి మెయిన్‌లైన్ ఆవిరి ఇంజన్, 1972లో చిత్తరంజన్‌లో తయారైంది, వైజీయే. మీరు పట్టుకున్నది చిన్న ఇంజన్ కాదు.

స్థలం ఇస్తామన్నవాళ్ళని నోటిమాట అడక్కండి. ముప్ఫై ఏళ్ళకి తక్కువ కాకుండా లీజు రాయించి, రిజిస్టర్ చేయించండి. సంతకం పెట్టేముందు ఆ కాగితం నాకు పంపు. వానలు తగ్గాక నేనూ వస్తాను. కింద దూరే ఓపిక లేదు కానీ, ఫైర్‌బాక్స్ ప్లేట్లని బాయిలర్‌కి బిగించి ఉంచే స్టేల మీద సుత్తితో కొడితే ఏది విరిగిందో చప్పుడుని బట్టి ఇప్పటికీ చెప్పగలను. ఆ పని నీకు నేర్పుతాను. మందపాటి చెప్పులు కాదు, బూట్లు కొనుక్కో.

పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
పెదనాన్న