ముందు రూపాయి బిళ్ల, తర్వాత యోగా మ్యాట్

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

హైదరాబాదు రోడ్డులో కొత్తగా తెరిచిన యోగా స్టూడియోలో చేరుతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం కలిగింది. ఆ వెంటనే గుండెలో దడ కూడా పుట్టింది. ఇన్నేళ్లూ బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని నడుము పాడు చేసుకున్నావు. నడవమంటే తీరిక లేదన్నావు. పొద్దున్నే ఎన్జీ కాలేజీ మైదానానికి రమ్మంటే "మీ పెద్దవాళ్ల మధ్య నాకేం పని మామయ్యా" అని నవ్వేశావు. అక్కడ ఉచితంగా యోగా నేర్పుతానంటే రానిదానివి, ఇప్పుడు ఫీజు కట్టి నేర్చుకుంటానంటున్నావు. పోనీలే, కట్టిన డబ్బు కోసమైనా తెల్లవారకముందే లేస్తావు.

ఫోనులో చెబితే సగం విని "సరే సరే" అంటావు. అందుకే రాస్తున్నాను.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. కడుపు ఖాళీగా ఉండాలి. భోజనం చేస్తే మూడు నాలుగు గంటలు ఆగాలి. ఊపిరి ముక్కుతోనే తీసుకో. బీపీ మాత్రలు వేసుకుంటున్నావు కాబట్టి శీర్షాసనం, సర్వాంగాసనం జోలికి పోకు, ఊపిరి బిగబట్టకు, కపాలభాతి మొదలుపెట్టే ముందు ఆ మాత్రల సంగతి టీచరుకు చెప్పు. మ్యాట్ జారకపోతే చాలు, రంగులు చూసి వేలు పోయకు. చివర్లో కదలకుండా వెల్లకిలా పడుకునే శవాసనం వేయించేటప్పుడు ఆఫీసుకు వేళైందని లేచి రాకు. నీలాంటి వాళ్లకు క్లాసంతటిలో కష్టమైన ఆసనం అదే.

ఇక నా అసలు భయం. నువ్వు పదో తరగతి దాకా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగి పెరిగావు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అని మన దేశ ప్రమాణం. మన బోర్లలో చాలావాటికి ఆ లెక్క తెలియదు. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని లోకమంతా నల్లగొండ టెక్నిక్ అంటుంది. పుస్తకాలకెక్కిన పేరు మనది, తాగిన నీళ్లూ మనవే! మిషన్ భగీరథ నల్లాలు వచ్చింది నిన్నగాక మొన్న. నీ ఎముకలు అప్పటికే పెరగడం అయిపోయింది.

పళ్ల మీది గోధుమరంగు చారలు అందరికీ కనిపిస్తాయి. నీకూ ఉన్నాయి, పెళ్లిచూపుల్లో నోరు మూసుకుని నవ్విన సంగతి నేను మరిచిపోలేదు. ఒంట్లో జరిగేది మాత్రం కనిపించదు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని బిగుసుకుపోతాయి. ఎముక చిక్కబడుతుంది కానీ పెళుసుబారుతుంది. పచ్చి తాటిమట్ట వంచితే వంగుతుంది, ఎండిన మట్టను వంచితే ఏమవుతుందో నీకు తెలుసు. అందరికీ అంత దాకా రాదు. నీకు వచ్చిందని నేననడం లేదు. చూసుకోమంటున్నాను.

చూసుకోవడం పెద్ద పనేమీ కాదు. నేను పీఈటీగా పనిచేసిన బడులకు ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి పిల్లలను వరుసలో నిలబెట్టేవారు. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్లను తీయమనేవారు. గడ్డం ఛాతీకి ఆనించమనేవారు. చేతులు పక్కలకు చాపి, మోచేతులు మడిచి తల వెనక్కి తాకించమనేవారు. పదేళ్ల పిల్లవాడు బిళ్ల అందక మోకాలు మెల్లగా మడుస్తూ, ఎవరైనా చూస్తున్నారేమోనని దొంగచూపులు చూసేవాడు. ఈ మూడూ ఈ రాత్రే ఇంట్లో చేసి చూడు. నీకు అందకపోతే అది ఒట్టి కుర్చీ జబ్బే కావచ్చు, అయినా ఎముకల డాక్టరుకు చూపించుకుని, ఏ ఊరి నీళ్లు తాగావో చెప్పి, నడుముకూ ముంజేతికీ ఎక్స్‌రే అవసరమేమో అడుగు. ఆ తర్వాతే క్లాసు.

ఇప్పుడు మీ అమ్మ తిట్టినా సరే ఒక మాట చెబుతాను. నువ్వు పదో తరగతి పరీక్షలు రాస్తున్నప్పుడు మా అక్క, అదే మీ అమ్మ, మంచాన పడింది, గుర్తుందా? నువ్వే అన్నం వండి, బాక్సు కట్టుకుని పరీక్షకు పోయావు. నీళ్లబిందెతో గుమ్మం దగ్గర జారిపడ్డానని నీకు చెప్పింది. జారలేదు. ఒక యోగా శిబిరంలో అయింది.

షామియానా వేసి, జంఖానాలు పరిచి, పొద్దున అయిదింటికే మైకు పెట్టారు. ఉచితం. అక్క వెళ్తానంటే ఇంట్లో అందరం మెచ్చుకున్నాం. అప్పటికే ఆమె మెడ తిప్పాలంటే భుజాలు కూడా తిప్పేది. వయసు, పొలం పని అనుకున్నాం. ఆ రోజు పశ్చిమోత్తానాసనం. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగి కాలి వేళ్లు పట్టుకోవాలి. అక్క కొంగు నడుముకు దోపుకుని రెండో వరుసలో కూర్చుంది. అందరి తలలూ కిందికి వెళ్లాయి, ఈమె తల మాత్రం పైనే ఉంది. నేర్పేవాడు చెడ్డవాడు కాదు. ఈ ప్రాంతం వాడు కాదు, అంతే. సాధన లేక బిగుసుకుంది అనుకున్నాడు. "వంగుతుందమ్మా, భయపడకండి" అంటూ రెండు చేతులూ వీపు మీద పెట్టి ఊపిరి వదలమని అదిమాడు. అక్క కుడిచెయ్యి జంఖానా అంచును పట్టుకుంది. వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. మగవాళ్ల వరుసలోంచి నేను లేచి వచ్చేలోపే అయిపోయింది. ఆయన "చూశారా, ఎంత వంగారో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అక్క నవ్వింది.

ఆ నవ్వే నాకు కోపం. దారిలో అడిగితే "ఏమీ లేదురా, పట్టేసింది" అంది. రాత్రికి పక్క మీద ఒత్తిగిల్లలేకపోయింది. ఎక్స్‌రే తీస్తే పక్కటెముకలో సన్నని పగులు, వెన్నుపూసల వెంట తెల్లగా గట్టిపడిన గీత. ఆ డాక్టరే మొదటిసారి మాకు నీళ్ల సంగతి విడమరిచి చెప్పాడు. అలా గట్టిపడింది మళ్లీ మెత్తబడదని కూడా చెప్పాడు. వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, నొప్పి పుడుతుంటే అరవకుండా ఎలా కూర్చున్నావని. "అంత పెద్దమనిషి నేర్పుతుంటే అందరి ముందు వద్దంటే ఏం బాగుంటుంది" అంది.

ఆమె ఎముకలు నీకు వచ్చాయో లేదో ఎక్స్‌రే చెబుతుంది. ఆ మొహమాటం మాత్రం అచ్చంగా వచ్చింది. హోటల్లో చల్లారిన దోశ తెచ్చినా తినేసి లేస్తావు. అందుకే నీకు నేను చెప్పే మొదటి ఆసనం ఇది: క్లాసులోకి వెళ్లగానే, చాప పరవకముందే, టీచరు దగ్గరికి వెళ్లి "నేను ఫ్లోరైడ్ ఊరి నుంచి వచ్చాను, నన్ను పట్టుకుని వంచకండి, నోటితో చెబితే నేను చేసినంత చేస్తాను" అను. నలుగురిలో కాదు, పక్కకు పిలిచి చెప్పు, అప్పుడు నీకు సిగ్గుండదు. మంచి టీచరైతే ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతుంది. "మా దగ్గర అందరూ వంగుతారు" అని నవ్వితే చెప్పులేసుకుని వచ్చేయి. ఫీజు నేనిస్తాను.

సాగినట్టు అనిపించడం వేరు, గుచ్చినట్టు అనిపించడం వేరు. కండరం సాగితే ఊపిరి ఆడుతూనే ఉంటుంది. కీలు దగ్గర పొడిచినట్టుంటే, లేదా కాలిలోకి జివ్వున పాకితే, అక్కడితో ఆపు. పతంజలి ఆసనాల గురించి చెప్పింది మూడే సూత్రాలు. స్థిరంగా, సుఖంగా ఉండాలి అన్నది అందులో మొదటిది. కాలి వేళ్లు పట్టుకోవాలని ఆయన ఎక్కడా అనలేదు.

అందనప్పుడు బెల్టు, చెక్క దిమ్మె, కుర్చీ అడుగు. అవి చేతకానివాళ్లకని అనుకోకు. చిన్నప్పుడు క్షయ, టైఫాయిడ్ లాంటి జబ్బులతో చిక్కిపోయిన బి.కె.ఎస్. అయ్యంగార్ పెద్దయ్యాక తాళ్లు, దిమ్మెలు, కుర్చీలు పెట్టి లోకమంతటికీ యోగా నేర్పాడు. నేను ఈ వయసులో ఇప్పటికీ బెల్టు వాడతాను. మైదానంలో మా వాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

మొదటి నెలంతా నిటారుగా నిలబడే తాడాసనం, ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం, బోర్లా పడుకునే మకరాసనం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఒక్కొక్కటిగా పొట్టకు తెచ్చుకోవడం, అంతే చాలు. సూర్యనమస్కారాలు వెంటనే చేయిస్తే నీకు చేతనైన భంగిమలే చెయ్యి, మిగిలినప్పుడు నిలబడి ఊపిరి తీసుకో. జూన్ 21 యోగా దినోత్సవం నాటి ఫొటోల్లో పక్కవాళ్ల కాళ్లు ఎంత పైకి లేచాయో చూడకు.

ఫీజు ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, కట్టకు. ఒక నెలకే కట్టు. ఆదివారం ఇంటికి రా, బిళ్ల అందిందో లేదో నా ముందు చూపించు. నువ్వు నేర్చుకున్న భుజాల కదలికలు అక్కకు కుర్చీలో కూర్చోబెట్టి నేర్పొచ్చు, డాక్టరు సరేనంటే. ఆమె "ఇంకొంచెం నొక్కవే, పర్వాలేదు" అంటుంది. నొక్కకు.

మీ మామయ్య