కెఫీన్ ‘తీసిన’ కాఫీయా, ‘తీసేసిన’ కాఫీయా?

సందేహం: మిరియాల సారం సీసా మీది వివరాలు తెలుగు చేస్తున్నాను. ‘సూపర్‌క్రిటికల్ ఫ్లూయిడ్ ఎక్స్‌ట్రాక్షన్’కి ఫోన్‌లోని యాప్ ‘అతివిమర్శనాత్మక ద్రవ వెలికితీత’ అని ఇచ్చింది. వాడొచ్చా?

సమాధానం: వద్దండీ. మూడు మాటల్లో రెండు తప్పు, మూడోది సగం ఒప్పు.

ఈ ‘క్రిటికల్’కి విమర్శతో పనిలేదు. మన సైన్సు పాఠాల్లో దీనికి ‘సందిగ్ధ’ అనే మాట ఉండనే ఉంది: సందిగ్ధ కోణం, సందిగ్ధ ఉష్ణోగ్రత. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీల సెల్సియస్ దాటించి, సుమారు 73 అట్మాస్ఫియర్లకు మించి నొక్కితే అది అచ్చంగా వాయువూ కాదు, ద్రవమూ కాదు. వాయువులా మిరియాల పొడి సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా అందులోని నూనెనూ ఘాటునూ కరిగించుకుంటుంది. ఒత్తిడి తగ్గించగానే తాను వాయువై లేచిపోతుంది, సారం మిగులుతుంది. అందుకే ‘ద్రవం’ అనకూడదు. వాయువుకీ ద్రవానికీ చెల్లే ‘ప్రవాహి’ అనండి. ఎటూ తేలని స్థితికి ‘సందిగ్ధ’ భలే కుదిరింది!

‘అతిసందిగ్ధ’ అంటే మాత్రం ‘మహా అనుమానం’ అన్నట్టుంటుంది. ఇక్కడి అర్థం ఆ స్థితిని దాటినదని. ‘కాలాతీతం’ లాగా ‘సందిగ్ధాతీత ప్రవాహి’ అంటే నాకు నచ్చుతుంది. అయినా అది వ్యాసానికి. సీసా మీద సూపర్‌క్రిటికల్ అనే ఉంచండి, కొనేవాళ్ల చేత పరీక్ష రాయించక్కర్లేదు.

ఇక ‘వెలికితీత’. పేపర్లలో వెలికితీసేది బొగ్గునీ, బావిలో పడ్డవాళ్లనీ. ‘నిష్కర్షణ’ సరైన మాటే, కర్షణ అంటే లాగడం. కానీ వినేవాళ్లకు ‘నిష్కర్షగా చెప్పాడు’ గుర్తొస్తుంది. మన వంటింట్లో పద్ధతి క్రియలోనే తెలిసిపోతుంది: నిమ్మరసం పిండుతాం, కషాయం కాస్తాం, డికాక్షన్ దింపుతాం. ఈ కొత్త పద్ధతికి అలాంటి సొంత క్రియ ఇంకా పుట్టలేదు కాబట్టి ‘తీయడం’ చాలు: ‘కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన మిరియాల సారం’.

ఒక్క జాగ్రత్త. 1960ల్లో జర్మనీలో కుర్ట్ జోసెల్ అనే రసాయన శాస్త్రవేత్త ఇదే దారిలో పచ్చి కాఫీ గింజల్లోని కెఫీన్‌ను బయటికి లాగాడు. మిరియాల్లోంచి వచ్చింది మనకు కావాలి, కాఫీలో మిగిలింది కావాలి. అందుకని మిరియాలకు ‘తీసిన సారం’ అన్నా, రేపు కాఫీ సీసా చేతికొస్తే ‘కెఫీన్ తీసేసిన కాఫీ’ అని రాయండి. ‘తీసి వేసిన’లోని ఆ ‘వేయడం’ వల్లే, అది అక్కర్లేదని వదిలించుకున్నట్టు తెలుస్తుంది.